చెప్పకుండా మోగిన సైరన్

రెండు వేల ఇరవై మూడు ఎండాకాలంలో మొదలైన సంగతి ఇది. పటాన్‌చెరు పక్కన, కర్దనూర్ దారిలో ఉన్న ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో, అంటే మాత్రలకు కావలసిన ముడి మందు తయారుచేసే చోట, నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను, చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. సేఫ్టీ ఆఫీసర్ అంటే హెల్మెట్ పెట్టుకోమని అరిచేవాడని మా చుట్టాలందరి అభిప్రాయం. అరుస్తాం, నిజమే. కానీ అసలు పని వేరే ఉంది. ఇంకా జరగని ప్రమాదాన్ని ముందే ఊహించి, అది జరిగినట్టే నటించి, మనుషులకు అలవాటు చేయించాలి. దాన్ని మాక్ డ్రిల్ అంటాం. సైరన్ మోగగానే ఎక్కడివాళ్ళక్కడ పని ఆపి అసెంబ్లీ పాయింట్‌కు, అంటే ఆపదలో అందరూ చేరవలసిన చోటికి, వచ్చి నిలబడతారు. మాకది మెయిన్ గేటు ముందున్న ఖాళీ జాగా. అక్కడ తలలు లెక్కపెట్టి, లోపల ఎవరూ మిగల్లేదని తేలితే డ్రిల్ అయిపోయినట్టు.

ఆ ఏడాది మా సేఫ్టీ హెడ్ రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాదేనని నేనొక్కణ్ణే కాదు, ఫ్యాక్టరీలో చాలామంది అనుకుంటున్నారు. మా ఆవిడ సుజాత అయితే సంగారెడ్డిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా. సరిగ్గా అప్పుడే అఖిల వచ్చి చేరింది.

సదాశివపేట అమ్మాయి. ముప్పై కూడా ఉండవు. నా కింద చేరినా కొంత నయముండేది, నాతో సమానమైన హోదాలో, నా టేబుల్ పక్కనే టేబుల్ వేయించుకుని కూర్చుంది. మొదటిరోజే నాకు గిట్టలేదు. ఎందుకని అడిగితే, మా జీఎం గారు నన్ను ఇన్నేళ్ళుగా ఒట్టి ‘నర్సింలు’ అంటాడు. ఆ అమ్మాయిని వచ్చిన పూటే ‘అఖిల గారూ’ అన్నాడు. నాకు ఆ మాట ఒక్కటే చాలు.

నా డ్రిల్‌లకు ఒక ఆనవాయితీ ఉండేది. అందరూ ఎండలో నిలబడతారని, డ్రిల్ అవగానే మజ్జిగ ఇప్పించేవాణ్ణి. అంతమందికి మజ్జిగ కావాలంటే క్యాంటీన్ యాదమ్మ ముందురోజే గంగాళం నిండా పాలు తోడు వేయాలి. ఆ గంగాళం కనిపించిందంటే చాలు, మర్నాడు షిఫ్టుకు వచ్చేవాళ్ళు గేటు దగ్గరే ‘ఇయ్యాల డ్రిల్ ఉన్నది’ అని చెవులు కొరుక్కునేవాళ్ళు. ఇస్నాపూర్ గదుల్లో ఉండే బిహార్ కుర్రాళ్ళకు తెలుగు రాకపోయినా ఆ గంగాళం భాష మాత్రం బాగా వచ్చు. సైరన్ మోగేసరికి సగంమంది తయారుగా ఉండేవారు. చూడవచ్చిన ఆఫీసర్లు మెచ్చుకుని వెళ్ళేవారు. నాకూ సుఖం, వాళ్ళకూ సుఖం.

అఖిల చేరిన కొద్దిరోజులకే మీటింగులో, జీఎం గారి ముందే, మెత్తగా అడిగింది.

“సర్, నిజంగ ఏదన్న లీక్ అయినప్పుడు యాదమ్మ ఒకరోజు ముందు పెరుగు తోడెయ్యదు కద సర్?”

జీఎం గారు పగలబడి నవ్వాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను కూడా పైకి నవ్వాను, తప్పదు కాబట్టి.

“మంచి పాయింట్. వచ్చే డ్రిల్ మీరు చేయించండి అఖిల గారూ. నిజంగా ఎవరికీ తెలియకుండా. హెడ్ పోస్టు సంగతి ఏడాది చివర్లో చూద్దాం, ఇద్దరి పనీ చూసి” అన్నాడాయన.

ఇద్దరి పనీ అట. ఆ మాట విన్నాక మధ్యాహ్నం అన్నం సహించలేదు. యాదమ్మ నా పళ్ళెం చూసి, “ఏమైంది సారూ, కడుపుల మంటనా? జెర మజ్జిగ పోయనా?” అంది. నాకున్న మంట మజ్జిగతో చల్లారేది కాదు.

జూలైలో ఒక సోమవారం పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే షిఫ్టుకు ముందు అందరినీ నిలబెట్టి చెప్పే నాలుగు ముక్కల్లో, అఖిల ఇలా చెప్పింది: “శనివారం లోపల ఒకరోజు డ్రిల్ ఉంటది. ఏ రోజన్నది మీకెవ్వరికీ తెల్వదు. ఇయ్యాలనే ఉంటదని మీరు పక్కాగ అనుకున్న రోజు మాత్రం ఉండది.”

మాకు మల్లేశం అని రియాక్టర్ ఆపరేటర్ ఒకడున్నాడు. వాడికి వాదన దొరికితే ఆకలి ఉండదు. బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాడు.

“శనివారం ఉండది సార్. ఎందుకంటే శుక్రవారం దాకా కాకపోతే, ఇగ శనివారమే అని మనకు తెలిసిపోతది. తెలిసిన రోజు పెట్టనన్నది గద మేడం. అంటే శనివారం కొట్టెయ్యి. ఇగ శుక్రవారమే ఆఖరు. గురువారం దాకా కాకపోతే శుక్రవారమని తెలుస్తది. గది గూడ కొట్టెయ్యి. గిట్లనే వెనకకు వస్తే అన్నీ పోతయి. ఇగ డ్రిల్ ఏడున్నది?”

నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. వాడు చెప్పింది అక్షరాలా సరిపోయింది. ప్రాణం లేచొచ్చింది. ఆ అమ్మాయి తన మాటల్లో తనే ఇరుక్కుంది, ఇక డ్రిల్ పెట్టిందంటే మాట తప్పినట్టే. ఈ ముక్క జీఎం గారి చెవిన ఎట్లా వేయాలా అని ఆలోచిస్తూ హెల్మెట్ పక్కన పెట్టి, రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాను. సైరన్ మోగింది.

“ఇప్పుడే లేదని తేల్చినం కదరా” అన్నాను.

“అందుకేనేమో సార్” అన్నాడు మల్లేశం, బుగ్గలో ముద్దతోనే లేస్తూ. “లేదని అనుకున్నం గనకనే ఎవ్వలం అనుకోలే.”

చేయి కడుక్కుని నేను గేటు దగ్గరికి చేరేసరికి అందరూ వరసల్లో ఉన్నారు. అఖిల చేతి మైకులో, “నర్సింలు సర్ గూడ వచ్చిన్రు. ఇగ అందరం ఉన్నం” అంది. వెక్కిరింపుగా అనలేదు, లెక్క పూర్తయిందని చెప్పింది, అంతే. కానీ వరసల్లో నవ్వులు వినిపించాయి. నాకు తల కొట్టేసినట్టయింది. సేఫ్టీ ఆఫీసర్‌ని, హెల్మెట్ లేకుండా, మూతికి పప్పుతో, అందరికంటే ఆఖరున వచ్చాను.

ఆ తర్వాత ఆమె డ్రిల్‌లకు ఒక వేళా పాళా లేదు. ఒకసారి షిఫ్టు మారేటప్పుడు, ఒకసారి ముసురు వానలో, ఒకసారి పూజ ప్రసాదం పంచుతుండగా. ఒకే వారంలో రెండుసార్లు పెట్టేది, తర్వాత నెల గడిచినా ఊసెత్తేది కాదు. మనుషులు రాటుదేలారు. తోపులాట లేదు, అరుపులు లేవు, ఎవరి వరస వాళ్ళకు తెలుసు. జీఎం గారు బయటివాళ్ళను పిలిపించి మరీ చూపించాడు. నేను ఇన్నేళ్ళు మజ్జిగ పోసి నేర్పించలేనిది ఆ అమ్మాయి ఆర్నెల్లలోపే నేర్పించింది. చూస్తుంటే కళ్ళలో కారం కొట్టినట్టుండేది.

ఎట్లాగైనా డ్రిల్ రోజును ముందే కనిపెట్టి, ‘ఇందులో చెప్పకుండా చేసిందేముంది, నాకు తెలుసుగా’ అనాలని నాకు పట్టుదల వచ్చింది. డ్రిల్‌కు ముందురోజు ఆమె చేతి మైకు ఛార్జింగు పెడుతుందని కనిపెట్టాను. రెండుసార్లు సరిపోయింది. మూడోసారికి ఆమె ఆ మైకును రోజూ ఛార్జింగు పెట్టడం మొదలుపెట్టింది. అంబులెన్స్ డ్రైవర్‌ను టీ ఇప్పించి అడిగాను, వాడికేమీ తెలియదు. నా పని పక్కన పెట్టి ఆ అమ్మాయి ముఖం చదవడమే పనిగా పెట్టుకున్నాను. ఇంట్లోనూ అవే మాటలు. సుజాతకు విసుగొచ్చింది.

“ఏందయ్యా, పొద్దున లేస్తె అఖిల, రాత్రి పండుకుంటె అఖిల. ఇంకో ఆడిపిల్ల ముచ్చట గిన్నిసార్లు చెప్తే కుళ్ళుకోవాల్సింది నేను. నువ్వెందుకు కుళ్ళుకుంటున్నవ్?”

ఒకరోజు మీటింగులో నాకు పౌరుషం ఆగలేదు. “మీరొక్కరే చేయిస్తారా? ఏదో ఒకరోజు మీకే తెలియకుండా నేను సైరన్ కొట్టిస్తా. అప్పుడు చూద్దాం ఎవరు ఆశ్చర్యపోతారో” అన్నాను. అఖిల నవ్వి, “తప్పకుండ కొట్టియ్యాలె సర్, నాక్కూడ ప్రాక్టీస్ అయితది” అంది. అదీ నాకు నచ్చలేదు. కోపం తెచ్చుకోవలసిన చోట కోపం తెచ్చుకోని మనిషితో ఎట్లా వేగడం?

చివరికి ఒక దారి దొరికింది. సైరన్ మోగినప్పుడు నేను గేటు దగ్గరికి పోవడం మానేశాను. సెక్షన్లు ఖాళీ అయ్యాయో లేదో చూస్తానని పక్కవాళ్ళతో చెప్పి, క్యాంటీన్ బయటి మెట్లెక్కి పైన నిలబడేవాణ్ణి. అక్కడి నుంచి ఫ్యాక్టరీ మొత్తం కనిపిస్తుంది. నేను వెతికేది ఆమె తప్పులు. ఎవరు టిఫిన్ డబ్బా కోసం వెనక్కి పోయారు, ఎవరు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చారు, అన్నీ ఏరి జీఎం గారికి చెప్పేవాణ్ణి. “ఇవన్నీ చిన్న విషయాలు నర్సింలు” అనేవాడాయన. పెద్దది ఒక్కటి దొరక్కపోతుందా అని నేను ఓపిక పట్టాను. ఏడాది చివరికి వచ్చేసింది, కుర్చీ సంగతి తేలే రోజు దగ్గర పడుతోంది.

డిసెంబర్‌లో ఒక పొద్దున, టీ వేళ దాటాక, సైరన్ మోగింది. మళ్ళీ పెట్టింది మహాతల్లి అనుకుంటూ మెట్లెక్కాను. షెడ్లలోంచి మనుషులు బయటికొస్తున్నారు. చలిపొద్దు కదా, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, ఎవరి వరసలో వాళ్ళు మెయిన్ గేటు వైపు నడుస్తున్నారు. గేటు ముందు అఖిల మైకు పట్టుకుని నిలబడి ఉంది. ఎంత చక్కగా నడుస్తున్నారో చూస్తుంటే కడుపు రగిలిపోయింది.

అప్పుడు తూర్పున ఉన్న ఆసిడ్ యార్డు వైపు చూశాను. అక్కడ తెల్లటి పొగ లేస్తోంది. పొద్దున వచ్చిన ట్యాంకర్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ దించుతున్నారు. గొట్టం జాయింటు దగ్గర ఊడింది. యార్డులో ఉన్నవాడు వాకీటాకీ అక్కడే పడేసి, సైరన్ మీట నొక్కి, దగ్గుకుంటూ పక్కకు పరుగెత్తాడని తర్వాత తెలిసింది. ఇది డ్రిల్ కాదు.

మా ఫ్యాక్టరీలో నీళ్ళ ట్యాంకు మీద ఒక విండ్‌సాక్ ఉంటుంది. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం అది, తోక ఎటుంటే గాలి అటు పోతున్నట్టు. వానాకాలమంతా గాలి పడమటి నుంచి వస్తుంది, తోక ఆసిడ్ యార్డు వైపు ఉంటుంది. అఖిల డ్రిల్‌లన్నీ దాదాపు ఆ రోజుల్లోనే జరిగాయి. చలికాలంలో గాలి తిరగబడుతుంది. ఆ పొద్దున తోక తిన్నగా పడమటికి, మెయిన్ గేటు వైపు చాచి ఉంది. చలికి పొగ పైకి లేవకుండా నేలబారుగా అటే పాకుతోంది. మేము ఇన్నాళ్ళూ నేర్పించిన దారినే, నేర్పించినంత చక్కగా, మనుషులంతా ఆ పొగ చేరబోయే చోటికే పోతున్నారు.

ఉన్నమాట చెప్తాను. నా మనసులో మొదట లేచింది భయం కాదు, సంతోషం. దొరికింది, ఇన్నాళ్ళకు పెద్ద తప్పు దొరికింది అనుకున్నాను. కన్ను మూసి తెరిచేంతసేపే. ఆ వెంటనే గేటు దగ్గర ముందు వరసలో యాదమ్మ ఎర్ర చీర కనిపించింది, ఆమె పక్కన మల్లేశం చేతులూపుతూ ఏదో వాదిస్తున్నాడు. వాకీటాకీ నొక్కాను.

“అఖిలా, ఇది డ్రిల్ కాదు. ఆసిడ్ లీకైంది. గాలి నీ దిక్కే వస్తున్నది. మనుషుల్ని లారీ గేటుకు మళ్ళియ్యి.”

“సర్, ఇది మీ డ్రిల్ కాదా?”

“నాది కాదమ్మా. నీది కాదా?”

“కాదు సర్.”

ఆమె అంత నింపాదిగా ఎందుకు నిలబడిందో నాకప్పుడు అర్థమైంది. నేను విసిరిన సవాలు గుర్తుపెట్టుకుని, నర్సింలు సర్ అన్నంత పనీ చేశాడనుకుంది. నేను ఆమెదనుకున్నాను. ఒకరిని ఒకరు ఆశ్చర్యపరచాలని మేం పోటీ పడుతుంటే, అసలుది వచ్చినప్పుడు ఇద్దరికీ అది అవతలివాళ్ళ పనిగానే కనిపించింది.

మైకులో ఆమె గొంతు వినిపించింది. కొంచెం కూడా పెరగలేదు. “అందరు ఆగుండ్రి. ఎడమ దిక్కు తిరుగుండ్రి. లారీ గేటుకు నడువుండ్రి. ఉరకొద్దు. ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకోండ్రి.” అంతే. అంతమంది ఒక్కసారిగా తిరిగి, గాలికి అడ్డంగా, దక్షిణాన ఉన్న లారీ గేటు వైపు నడిచారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అదే నా మైకైతే కనీసం పదిమంది మజ్జిగ ఏదని అడిగి ఉండేవాళ్ళు. మెట్లు దిగుతూ ఉరుకుతూ కూడా నాకు ఆ ఆలోచనే వచ్చింది, చూశారా నా బుద్ధి.

నేనూ ఎమర్జెన్సీ టీమ్ కుర్రాళ్ళూ గాలి సిలిండర్లు వీపుకు తగిలించుకుని, మాస్కులు బిగించుకుని యార్డులోకి వెళ్ళాం. పొగ మీద నీళ్ళు చిమ్ముతూ ట్యాంకర్ వాల్వ్ కట్టేశాం. కారిన ఆసిడ్ మీద సున్నం పోయించాం. కాసేపటికి గేటు ముందున్న ఖాళీ జాగా అంతా తెల్లగా పొగ కమ్మేసింది. అక్కడ ఒక్క మనిషి లేడు. వెనుక వరసలో నడిచిన కొంతమందికి దగ్గు వచ్చింది, కళ్ళు మండాయి. ఆస్పత్రిలో చూపించాం, సాయంత్రానికి ఇళ్ళకు పోయారు.

మర్నాడు మీటింగు పెట్టారు. జీఎం గారు మొదటి మాటే, “అఖిల గారు ఒక్క మాటతో అంతమందిని మళ్ళించారు” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయితే ఆమె వెంటనే అడ్డుపడింది.

“నర్సింలు సర్ చెప్పకపోతే నేను అందర్నీ అక్కడ్నే నిలబెట్టి తలలు లెక్కపెడుతుంటి సర్. గాలి సంగతి నాకు తట్టనే లేదు.”

జీఎం గారు నా వైపు తిరిగాడు. “అవునూ, సైరన్ మోగితే నువ్వు గేటు దగ్గర ఉండాలి కదా నర్సింలు. మెట్ల మీద ఏం చేస్తున్నావు?”

“చూస్తున్నా సార్” అన్నాను.

“ఏం చూస్తున్నావు?”

నేను నోరు తెరిచేలోపే అఖిల చెప్పింది. “నా తప్పులు సర్. ప్రతి డ్రిల్‌కు సర్ అక్కడ్నే నిలబడి నా తప్పులు ఏరుతరు. నాకు మొదట్నుంచి తెలుసు.”

నేల చీలితే బాగుండుననిపించింది. ఆమె ముఖంలో ఎకసెక్కం కోసం వెతికాను, లేదు.

“డ్రిల్ నేను తయారుచేసుకుంట గనక నాకు ముద్దొస్తది సర్. దాంట్ల బొక్క ఎక్కడున్నదో నాకు కనబడది. టైం ఎవ్వరికీ తెల్వకపోతే చాలు, అదే సర్‌ప్రైజ్ అనుకున్న. నిలబడే జాగా గూడ మార్చాల్సొస్తదని అనుకోలే. కనబడాలంటే నా డ్రిల్ గిట్టనోళ్ళు ఒకరు పక్కకు నిలబడి చూడాలె. సర్‌ను అట్లనే ఉంచుండ్రి. డ్రిల్ నడుస్తుంటె మధ్యల ఏదన్న తారుమారు చేసే అధికారం సర్‌కు ఇయ్యుండ్రి. ఎప్పుడు ఏం చేస్తరో నాక్కూడ చెప్పొద్దు.”

జనవరిలో కుర్చీ అఖిలకు ఇచ్చారు. నాకు డ్రిల్‌లు తారుమారు చేసే ఈ పని ఇచ్చారు. సుజాత చెల్లెలికి మళ్ళీ ఫోన్ చేయవలసి వచ్చింది, ఆ పూట ఇంట్లో వంట కూడా సరిగ్గా జరగలేదు.

ఆ సంగతి నాకు నేర్పింది ఒక్కటే. రాబోయే ఆశ్చర్యాన్ని ముందే ఊహించాలనుకునేవాడు తనకు తెలిసిన ఆశ్చర్యాన్నే ఊహిస్తాడు. మేం ‘ఎప్పుడు’ అన్నదాన్ని దాచడానికి ఒకరు, కనిపెట్టడానికి ఒకరు అన్నేసి నెలలు తల బద్దలు కొట్టుకున్నాం. అది ‘ఎటు నుంచి’ అన్న దారిన వచ్చింది. ఇప్పుడు గాలిని కూడా చూస్తున్నాం, రెండు అసెంబ్లీ పాయింట్లు పెట్టాం. మేం చూసుకున్న చోట్లన్నీ వదిలేసి, వచ్చే ఆపద ఇంకెక్కడో కూర్చుని ఉంటుందని నాకు తెలుసు. అందుకే డ్రిల్ మధ్యలో ఒకసారి దారికి అడ్డంగా తాడు కడతాను, ఒకసారి మైకు లాక్కుంటాను, ఒకసారి లెక్కపెట్టేవాణ్ణే దాచేస్తాను. మల్లేశం నన్ను చూస్తే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్ళు వచ్చి చూసి, ఈ ఆలోచన ఎవరిదని అడుగుతారు. జీఎం గారు అఖిల గారిదంటాడు. అఖిల నర్సింలు సర్‌దంటుంది. ఆ పెద్ద మనసు కూడా నాకు గిట్టదు.

మొన్నొక రోజు టీ తాగుతూ ఆమె అడిగింది. “సర్, ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. నా మీద మీకు కోపం ఏమన్న తగ్గిందా?” గొంతులో నిజంగానే బెంగ ఉంది.

“లేదమ్మా” అన్నాను.

ఆమె ఊపిరి పీల్చుకుంది. “తగ్గనియ్యకుండ్రి సర్. మీరు మెత్తబడితే మా అందరికీ కష్టం.”

తగ్గనివ్వడం లేదు. అందుకు నేను పెద్దగా శ్రమపడనక్కర్లేదు కూడా. నెలకొక్కసారైనా ఆ అమ్మాయి ఏదో ఒక పని నాకంటే బాగా చేస్తూనే ఉంటుంది.